ఏలూరు రోడ్డు పుస్తకాల జాబితా: ఒక వెబ్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, చివరి వారం

విజయవాడ ఏలూరు రోడ్డులో మూడు తరాలుగా పుస్తకాలు అచ్చువేసి అమ్ముతున్న ఒక ప్రచురణ సంస్థకు వెబ్‌సైటు తయారుచేసే పని ఈ వారం మొదలైంది. జనవరిలో నగరంలో జరిగే పుస్తక మహోత్సవం నాటికి పాఠకులు తమ ఫోనులోనే జాబితా మొత్తం చూసుకుని, కావలసిన పుస్తకాన్ని వెతుక్కుని, యూపీఐ ద్వారా డబ్బు కట్టి ఇంటికి తెప్పించుకోగలగాలని యజమాని కోరిక. 1989లో ఆరంభమైన ఆ ఉత్సవానికి చుట్టుపక్కల జిల్లాల పాఠకులు కూడా వస్తారు కాబట్టి, ఆ గడువులో అర్థముంది. చేతిలో ఉన్న నెలలు ఈ పనికి సరిపోతాయి.

వెబ్ రంగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా, ఈ ప్రాజెక్టులో తీసుకునే నిర్ణయాలను వాటి కారణాలతో సహా రాసిపెట్టాలనుకున్నాను. తెలుగు సైటు కట్టేవారికి ఎదురయ్యే చిక్కుల్లో సగం, ఆంగ్ల సైట్ల కోసం రాసిన మార్గదర్శకాల్లో కనిపించవు. చేసిన పనిని నలుగురి ముందు ఎలా ప్రదర్శించాలన్న విషయం అంతకన్నా తక్కువగా దొరుకుతుంది. ప్రదర్శన పని అయిపోయాక చేసే లాంఛనం కాదని, పనిలో మొదటి రోజు నుంచీ దానికి చోటివ్వాలని నా గట్టి నమ్మకం. అందుకే ఈ డైరీలో సాంకేతిక విషయాలకు ఎంత చోటు ఇస్తున్నానో ప్రదర్శనకూ అంతే ఇస్తాను.

పేజీ ఎలా ఉండాలో గీయడానికి ముందు, పెట్టవలసిన సమాచారం ఏ స్థితిలో ఉందో చూడటం నా పద్ధతి. ఇక్కడ పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు, పరిచయ వాక్యాలు పుస్తకాల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ ఫైళ్లలో, 'అను' అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ధరల పట్టిక ఎక్సెల్‌లో రోమన్ అక్షరాలతో ఉంది. పాత ముద్రణల వివరాలు చేతిరాత రిజిస్టర్లలో ఉన్నాయి. వెయ్యికి పైచిలుకు పుస్తకాల వివరాలు ఇలా మూడు చోట్ల, మూడు రూపాల్లో చెదిరి ఉన్నాయి. యజమాని అడిగిన మొదటి ప్రశ్న, "ఇదంతా మళ్లీ టైపు చేయించాలా అమ్మా?" అని. చేయించనక్కర్లేదని, అయితే మార్చిన ప్రతి మాటనూ తెలుగు బాగా తెలిసిన మనిషి ఒకసారి చదవవలసిందేనని చెప్పాను. దానికి ఆయన తమ సంస్థలో ఎంతోకాలంగా ప్రూఫులు దిద్దుతున్న మాస్టారిని నాకు తోడిచ్చారు. ఈ ప్రాజెక్టుకు దొరికిన అతి విలువైన వనరు ఆయనే.

సెప్టెంబరు, మొదటి పక్షం

ఈ పక్షమంతా అక్షరాల మార్పిడితోనే గడిచింది. డీటీపీ కోసం, అంటే కంప్యూటరులో అచ్చు పేజీలు కూర్చడం కోసం తయారైన పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా నిల్వ ఉండదు. కంప్యూటరు దృష్టిలో అది ఆంగ్ల అక్షరాలు, గుర్తుల వరుస మాత్రమే. తలకట్టు ఒక ఖండం, గుడి ఒక ఖండం, వత్తు ఒక ఖండం చొప్పున ఆ గుర్తుల స్థానాల్లో బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో చక్కగా చదవగలిగే పేజీ, మరో చోట అతికించగానే అర్థంలేని రోమన్ గుర్తులుగా కనిపించడానికి కారణం ఇదే. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల పట్టిక కేటాయించారు. అందులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ తనదైన సంఖ్య ఉంటుంది. వెతకడం, వరుసలో పేర్చడం, చూపులేనివారికి చదివి వినిపించడం వంటివన్నీ ఆ సంఖ్యల మీదే ఆధారపడతాయి కాబట్టి, యూనికోడ్‌లోకి మారని జాబితాను వెబ్‌లో పెట్టడం ఫోటో పెట్టడంతో సమానం.

మార్పిడి సాధనాలు చాలానే ఉన్నాయి. వాటిని వాడే ముందు ఏ ఫైలు ఏ ఫాంటుతో, దాని ఏ వెర్షనుతో కూర్చారో ఒక పట్టికలో రాసుకోవాలి. ఒకే పుస్తకంలో శీర్షికకు ఒక ఫాంటు, లోపలి పాఠానికి మరొకటి ఉండటం మామూలే. మార్చిన పాఠాన్ని మాస్టారికి ఇచ్చే ముందు రెండు వడపోతలు పెట్టాను. మొదటిది, ఫలితంలో వచ్చిన గుర్తులన్నిటినీ ఒక్కొక్కటి చొప్పున జాబితా చేయించి, తెలుగు పట్టికకూ అంకెలకూ విరామ చిహ్నాలకూ బయట ఉన్నవాటిని పట్టుకోవడం. రెండోది, తెలుగులో కుదరని కలయికలను వెతకడం. గుణింతపు గుర్తు వెంట మరో గుణింతపు గుర్తు రావడం, గుణింతం తరువాత పొల్లు రావడం, మాట గుణింతపు గుర్తుతోనే మొదలవడం లాంటివి ఇందులో దొరుకుతాయి.

కంటికి దొరకని పొరపాట్లే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. యూనికోడ్‌లోనే నేరుగా టైపు చేసిన కొన్ని పరిచయ వాక్యాల్లో 'పుస్తకం' అన్న మాట చివర సున్నకు (ం) బదులు అంకె సున్నా (0) నొక్కి ఉంది. 'దుఃఖం'లో విసర్గకు బదులు కోలన్ చిహ్నం ఉంది. తెర మీద రెండు రూపాలకూ తేడా దాదాపు తెలియదు, అచ్చులో అసలే తెలియదు. వెతికినప్పుడు మాత్రం ఆ పుస్తకం దొరకదు. తెలుగు అక్షరాన్ని ఆనుకుని ఉన్న అంకె సున్నాలన్నిటినీ పట్టి సున్నగా మార్చే నియమం ఒకటి రాశాను. ఐత్వం గుర్తును కూడా యూనికోడ్‌లో రెండు విధాలుగా నిల్వ చేయవచ్చు, ఒకే గుర్తుగానూ, ఎత్వమూ దాని కింది భాగమూ కలిసిన జంటగానూ. పాఠం మొత్తాన్ని ఎన్ఎఫ్‌సీ అనే సాధారణీకరణ రూపంలోకి తెచ్చుకుంటే ఈ తేడా పోతుంది. డేటాబేసులోకి ఏ మాట వెళ్లినా ముందు ఈ మెట్టు ఎక్కాలన్నది ఈ ప్రాజెక్టులో మినహాయింపు లేని నియమం.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలను గుర్తించే అంతర్జాతీయ సంఖ్య విషయం త్వరగానే తేలింది. 2007 జనవరి 1 నుంచి ఈ సంఖ్యలు 13 అంకెలవి. అంతకుముందు 10 అంకెలవి. పాత సంఖ్యకు ముందు 978 చేర్చి, చివరి తనిఖీ అంకెను మళ్లీ లెక్కగట్టాలి. అసలు సంఖ్యే లేని పాత పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి, ప్రతి పుస్తకానికీ సంస్థ సొంత క్రమసంఖ్యనే ఆధారంగా తీసుకున్నాను.

సెప్టెంబరు, చివరి వారం

వెతుకులాట విభాగం రాయడానికి ముందు కొన్ని సాయంత్రాలు బిల్లు కౌంటరు పక్కన కూర్చుని, వచ్చినవారు పుస్తకాన్ని ఎలా అడుగుతున్నారో రాసుకున్నాను. పూర్తి పేరు చెప్పి అడిగేవారు తక్కువ. పేరులో సగం చెబుతారు, రచయిత ఇంటిపేరు చెబుతారు, "మొన్న పేపర్లో వచ్చిందే, ఆ జీవిత చరిత్ర" అంటారు. పిల్లల కోసం వచ్చినవారు వయసు చెబుతారు. సైటులో వెతుకు పెట్టె కింద వయసు, విషయం, రచయిత ఇంటిపేరు అనే దారులు ఉండాలన్న నిర్ణయం ఆ కౌంటరు దగ్గరే జరిగింది. వెబ్ పనిలో వాడుకరుల పరిశోధన అని పెద్ద పేరుతో పిలిచేది అంగడిలో ఓపికగా నిలబడి వినడమే.

ఇక తెలుగు రాతలోని వైవిధ్యం. 'కథలు' అని వెతకవలసిన చోట 'కధలు' అని టైపు చేసేవారు తక్కువేమీ కాదు. 'అర్థశాస్త్రం' కోసం 'అర్ధశాస్త్రం' అని రాస్తారు. 'రామాయణము' అన్నా 'రామాయణం' అన్నా కావలసింది ఒకటే. వీరిలో ఎవరికీ "ఫలితాలు లేవు" అన్న జవాబు చూపించకూడదు. అందుకని ప్రతి పేరుకూ రెండు రూపాలు నిల్వ చేస్తున్నాను. ఒకటి మాస్టారు దిద్దిన సరైన రూపం, తెర మీద ఎప్పుడూ అదే కనిపిస్తుంది. రెండోది వెతకడానికి మాత్రమే వాడే సరళ రూపం. అందులో థకారాన్ని ధకారంలో, ణకారాన్ని నకారంలో, ళకారాన్ని లకారంలో, శకార షకారాలను సకారంలో కలిపి, హ్రస్వ దీర్ఘాల తేడా తీసేసి, చివరి 'ము'ను సున్నగా మార్చి, ఖాళీలు తొలగిస్తాను. పాఠకుడు టైపు చేసిన మాటను కూడా ఇదే దారిలో నడిపించి పోల్చితే, ఏ రూపంలో రాసినా పుస్తకం దొరుకుతుంది. సరైన రూపంతో అచ్చంగా సరిపోయినవి పైన, సరళ రూపంతో మాత్రమే సరిపోయినవి వాటి కింద వస్తాయి. రోమన్ అక్షరాలతో వెతికేవారి కోసం అదే పద్ధతిలో మూడో రూపమూ ఉంది.

ఈ ఏర్పాటు చూపించినప్పుడు మాస్టారు కాస్త నొచ్చుకున్నారు. "తప్పు రాసినవాడికి కూడా దొరికితే ఒప్పు ఎప్పుడు నేర్చుకుంటాడు అమ్మాయ్?" అన్నారు. ఆయన మాటలోని బాధ నాకు అర్థమైంది. ఫలితాల పైన "కథలు అన్న పేరుతో దొరికినవి" అని సరైన రూపాన్నే పెద్ద అక్షరాల్లో చూపిస్తే, పాఠకుడికి పుస్తకమూ దొరుకుతుంది, ఒప్పు కంటబడుతుంది కూడా. ఈ మార్పు ఆయన సూచనతోనే వచ్చింది. మూలం కన్నా ఇదే మేలైన రూపం.

కంటికి కనబడని మరో గుర్తు గురించి రాసిపెట్టాలి. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి వెడల్పు లేని విభాజకం ఒకటి వాడతాము. కొందరు టైపు చేస్తారు, కొందరు చేయరు. వెతికే రూపంలోంచి దాన్ని తప్పకుండా తీసేయాలి, చూపించే రూపంలో ఉంచాలి. తెలుగు సంయుక్తాక్షరాల నిర్మాణం సాఫ్ట్‌వేర్లకు ఎంత సున్నితమైన విషయమో 2018 ఫిబ్రవరిలో లోకానికంతా తెలిసింది. 'జ్ఞా' అక్షరం మధ్యలో ఈ విభాజకం చేరిన వరుస ఒకటి తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 11.2.6 వెర్షనుతో దాన్ని సరిచేశారు. అప్పటి నుంచి నా పరీక్ష మాటల జాబితాలో 'జ్ఞానం' ఉండి తీరుతుంది.

దసరాకు ముందు

ఇంద్రకీలాద్రి మీద ఉత్సవాలకు నగరం సిద్ధమవుతోంది. వన్‌టౌన్ వైపు రాకపోకల మళ్లింపులు మొదలయ్యేలోపే ఫాంట్ల పని ముగించాలనుకున్నాను.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలినన్ని ఉన్నాయి. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ, అనేక్ తెలుగు, మన పక్క ఊరి పేరుతోనే వచ్చిన హింద్ గుంటూరు వంటివి వాటిలో కొన్ని. ఫాంటును ఎంచేటప్పుడు పలకరింపు వాక్యాలతో కాకుండా కష్టమైన మాటలతో పరీక్షిస్తాను. 'స్వాతంత్ర్యం', 'రాష్ట్రం', 'జ్యోత్స్న', 'సామర్థ్యం', 'లక్ష్మి' అన్న మాటలను చిన్న సైజులో, ఒకదాని కింద ఒకటిగా పేర్చి చూస్తే, ఏ ఫాంటులో వత్తులు కింది పంక్తి గుడిని తాకుతున్నాయో వెంటనే తెలిసిపోతుంది. పేజీ పాఠానికి నోటో శాన్స్ తెలుగును, శీర్షికలకు రామభద్రను ఖాయం చేశాను. పంక్తుల మధ్య ఎత్తును అక్షర పరిమాణానికి 1.7 రెట్లుగా పెట్టాను. ఆంగ్లానికి సరిపోయే 1.4 రెట్లు తెలుగుకు చాలదు, రెండు మెట్ల వత్తులున్న చోట అక్షరాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోతాయి. బొత్తాలకూ మెనూలకూ స్థిరమైన ఎత్తు ఇవ్వకూడదు. ఇస్తే వత్తుల అడుగు భాగం తెగిపోతుంది, చాలా తెలుగు సైట్లలో ఈ లోపం నేటికీ కనిపిస్తుంది.

వాలు అక్షరాలు ఎక్కడా వాడలేదు. తెలుగు లిపికి ఆ సంప్రదాయం లేదు, బ్రౌజరు బలవంతంగా వంచిన అక్షరం చూపుకు బాగుండదు, చదవడానికి అడ్డు వస్తుంది. ఒక మాటను ప్రత్యేకించి చూపాలంటే ముదురు అక్షరమో రంగో చాలు. బూడిదరంగులో పలచని అక్షరాలు పెట్టడం కొంతకాలంగా వాడుకలోకి వచ్చింది గానీ, తెలుగు గుణింతాల సన్నని మెలికలు ఆ రంగులో కరిగిపోతాయి. వెబ్ అందుబాటు ప్రమాణాలు మామూలు పాఠానికి నేపథ్యంతో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలంటాయి. మధ్యాహ్నపు ఎండలో బీసెంట్ రోడ్డులో నిలబడి చవకైన ఫోనులో పేజీ తెరిచి చూశాక, ఈ సైటుకు ఆ కనీసం సరిపోదని, తెల్లని నేపథ్యం మీద నలుపుకు దగ్గరి రంగే ఉండాలని నిశ్చయించాను.

పుస్తకాల పేర్లను పెట్టెలో పట్టేలా కత్తిరించే విషయంలో తెలుగుకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. 'పుస్తకం' మన కంటికి మూడక్షరాలే. కంప్యూటరు లెక్కలో అది ఏడు, ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. నాలుగు దగ్గర కత్తిరిస్తే 'పుస్' అని మిగులుతుంది. కాబట్టి అక్షరాల లెక్కతో కోయడం మానేసి, రెండు పంక్తుల తరువాత మాట హద్దు దగ్గర ఆగేలా, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్‌లో ఏర్పాటు చేశాను. పేజీల చిరునామాల్లో తెలుగు పేర్లు వాడకపోవడానికీ కారణం ఇలాంటిదే. యూనికోడ్ సంఖ్యలను వెబ్‌లో నిల్వ చేసే పద్ధతి యూటీఎఫ్-8లో ఆ ఏడూ ఒక్కొక్కటి మూడు బైట్లు, చిరునామాను వాట్సాప్‌లో అతికించినప్పుడు ప్రతి బైటూ మూడు గుర్తులుగా విడిపోయి, ఒక్క 'పుస్తకం' అన్న మాటే 63 గుర్తుల తోక అవుతుంది. చిరునామాలో సంస్థ క్రమసంఖ్యనూ చిన్న రోమన్ పేరునూ ఉంచాను, ఫోనులో చెప్పడానికి కూడా అదే సులువు.

పేజీ భాష తెలుగు అని, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ప్రకటించడం ఒక్క మాట పని. అది లేకపోతే తెర చదివే సాఫ్ట్‌వేరు తెలుగు పాఠాన్ని ఆంగ్ల గొంతుతో చదవబోతుంది.

అక్టోబరు, చివరి వారం

ముఖచిత్రాల స్కాన్లు అచ్చుకు తగిన పరిమాణంలో వచ్చాయి. వాటిని వెబ్‌పీ అనే తక్కువ బరువున్న బొమ్మల రూపంలోకి మార్చి, చిన్నతెరకు ఒకటి, పెద్దతెరకు ఒకటి చొప్పున రెండు పరిమాణాలు తయారుచేశాను. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు ముందే చెప్పి ఉంచితే, బొమ్మ వచ్చినప్పుడు కింది పాఠం గెంతకుండా ఉంటుంది. ఫాంటును తెలుగు, అంకెలు, కొద్దిపాటి రోమన్ అక్షరాలకు కుదించి, అది దిగేలోపు ఫోనులోని సొంత ఫాంటుతోనే పాఠం కనబడేలా పెట్టాను.

ప్రధాన చిత్రం 2.5 సెకన్లలోపు కనిపించాలని, నొక్కిన తరువాత స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదని గూగుల్ కొలమానాలు చెబుతాయి. ఆఫీసులోని వైఫైలో ఈ సంఖ్యలు ఎవరికైనా వస్తాయి. గుంటూరు బస్సులో కూర్చుని, సిగ్నలు తగ్గుతూ పెరుగుతూ ఉండే చోట్ల పేజీ తెరిచి చూసినప్పుడే అసలు విషయం బయటపడుతుంది. అక్కడ చూసిన తరువాత మొదటి పేజీలో కదిలే బొమ్మల పట్టీని తీసేసి, దాని స్థానంలో ఈ నెల వచ్చిన కొత్త పుస్తకాలు నాలుగు మాత్రం ఉంచాను.

నవంబరు, రెండో పక్షం

ఈ పక్షం ప్రదర్శన కోసమే. చూడవలసినవారు యజమాని కుటుంబం, కౌంటరు సిబ్బంది, గిడ్డంగి చూసుకునేవారు, సంస్థతో కలిసి పనిచేసే కొందరు రచయితలు. వెబ్ పరిభాష తెలిసినవారు వారిలో ఒకరిద్దరే. చోటు దుకాణం పై అంతస్తులోని సమావేశపు గది.

ముందురోజే ఆ గదికి వెళ్లి ప్రొజెక్టరు వెలిగించి చూశాను. అది 1024కు 768 చుక్కల పాత యంత్రం, తెర నిష్పత్తి నాలుగుకు మూడు. ల్యాప్‌టాపులో వెడల్పుగా తయారుచేసిన స్లయిడ్లు దాని మీద పైనా కిందా నల్ల పట్టీలతో కుంచించుకుపోయి వస్తాయి. స్లయిడ్లను ఆ నిష్పత్తికే మళ్లీ అమర్చుకుని, అన్నిటికన్నా వెనుక కుర్చీలో కూర్చుని 'స్వాతంత్ర్యం' అన్న మాట చివరి అక్షరంలోని రెండు వత్తులూ విడివిడిగా కనిపించేదాకా అక్షర పరిమాణం పెంచుతూ పోయాను. ఆంగ్ల స్లయిడ్లకు చెప్పే కొలతలను తెలుగుకు నేరుగా వాడకూడదు. తెలుగు అక్షరంలో వత్తుల వివరం చాలా చిన్న చోటులో ఇమిడి ఉంటుంది కాబట్టి, కనీసం మూడో వంతు పెద్దదిగా ఉండాలని నా అనుభవం. దానివల్ల స్లయిడుకు నాలుగైదు పంక్తుల కన్నా పట్టవు. అది మేలే, ఎందుకంటే మాట్లాడుతున్న మనిషిని వినవలసినవారు అప్పుడు గోడను చదువుతూ కూర్చోరు.

స్లయిడ్లను పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోవడం తెలుగులో తప్పనిసరి. మరొకరి కంప్యూటరులో మన ఫాంటు లేకపోతే అక్షరాల అమరిక మారిపోతుంది, పాత సాఫ్ట్‌వేరు ఉంటే వత్తులు పక్కకు విడిపోతాయి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడి ఉంటుంది. ఆ ప్రతిని పెన్‌డ్రైవులో ఒకటి, ఫోనులో ఒకటి ఉంచుకున్నాను. ల్యాప్‌టాపులో సైటు పూర్తి నకలు నెట్ అవసరం లేకుండా నడిచేలా పెట్టి, దానికి కూడా తోడుగా, వెతకడం నుంచి డబ్బు కట్టడం దాకా మొత్తం దారిని చిన్న వీడియోగా తీసి ఉంచాను. ప్రదర్శనలో నెట్ మీద ఆధారపడేవి ఏవీ ఉండకూడదన్నది నేను ఎప్పుడూ సడలించని నియమం. మెయిలు, వాట్సాప్ హెచ్చరికలు ఆపేశాను. బ్రౌజరులో అవసరంలేని పట్టీలు తీసేసి, పేజీని ఒకటిన్నర రెట్లు పెద్దది చేశాను. మౌసు బాణం గుర్తును పెద్దదిగా, ముదురు రంగులో పెట్టుకుంటే వెనుకవారికి చూపు తప్పదు.

ఫోను తెరను కేబుల్ ద్వారా ప్రొజెక్టరు మీద చూపించడమే ఈ ప్రదర్శనలో ముఖ్యమైన నిర్ణయం. పాఠకుల్లో ఎక్కువమంది ఫోనులోనే చూస్తారు. ల్యాప్‌టాపు తెరను చూపించి "ఫోనులో కూడా ఇలాగే ఉంటుంది" అని చెబితే వినేవారికి నమ్మకం కుదరదు.

ఏ క్రమంలో చూపించాలన్నది చాలాసేపు ఆలోచించాను. మామూలుగా మొదటి పేజీతో మొదలుపెట్టి మెనూలన్నీ వరుసగా చూపుతారు. ఆ పద్ధతిలో పది నిమిషాలయ్యేసరికి గదిలో సగం మంది మనసు కింద దుకాణంలోకి వెళ్లిపోతుంది. నేను సంస్థ వారి తాతగారు అచ్చువేసిన తొలి పుస్తకం పేజీతో మొదలుపెట్టాను. దాని ముఖచిత్రం, ముద్రణ సంవత్సరం, మాస్టారు దిద్దిన పరిచయ వాక్యం తెర మీద కనిపించాక, ఈ పేజీ ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చెప్పాను. అదే పాఠం పేజ్‌మేకర్ ఫైలు నుంచి నేరుగా అతికిస్తే ఎలా ఉంటుందో పక్కనే చూపించాను. యూనికోడ్ అన్న మాట పలకకముందే దాని అవసరం అందరికీ అర్థమైంది.

ఆ తరువాత ఫోనును కౌంటరులో పనిచేసే కుర్రవాడి చేతికిచ్చి, ఆ వారంలో ఎవరైనా అడిగిన పుస్తకం వెతకమన్నాను. అతను అలవాటుగా 'కధలు' అనే టైపు చేశాడు, పుస్తకాలు వరుసగా వచ్చాయి, పైన 'కథలు' అన్న సరైన రూపం పెద్దగా కనిపించింది. మాస్టారు వెనుక వరుస నుంచి "చూశావురా అబ్బాయ్, అదీ రాత!" అన్నారు. ప్రదర్శించేవాడు చెయ్యి వెనక్కి తీసుకుని, వాడబోయే మనిషి చేత చేయించడం కన్నా గట్టి రుజువు మరొకటి లేదు. అలా చేయించేటప్పుడు మధ్యలో అందుకుని "ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు" అనకూడదు. అతను ఎక్కడ ఆగాడో చూడటమే మనకు కావలసింది. అతను బుట్ట గుర్తు దగ్గర ఒక్క క్షణం తడుముకున్నాడు. ఆ గుర్తు పక్కన 'కొనండి' అన్న మాట చేర్చాలని అప్పుడే రాసుకున్నాను.

వేగం గురించి చెప్పేటప్పుడు కొలమానాల పేర్లు వాడలేదు. ముఖచిత్రం కనబడటానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూపించాను. ఒక రచయిత్రి తన పుస్తకం మొదటి అధ్యాయాన్ని ఉచితంగా చదవనివ్వవచ్చా అని అడిగారు. గిడ్డంగి చూసుకునే ఆయన, ప్రతులు అయిపోయిన పుస్తకానికి ఎవరైనా డబ్బు కడితే ఏమవుతుందని అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు అక్కడికక్కడే చూపించాను. నిల్వ సున్నాకు రాగానే కొనే బొత్తం మాయమై, 'వచ్చాక తెలియజేయండి' అన్నది వస్తుంది. మొదటిదానికి గడువులోపు చేయగలనో లేదో చూసి చెబుతానన్నాను. సభలో అప్పటికప్పుడు ఒప్పేసుకున్న పని గడువును మింగేస్తుంది కాబట్టి, అడిగినవారి పేరుతో సహా రాసుకుని, రెండు రోజుల్లో జవాబిస్తానని చెప్పడం మర్యాద, క్షేమం కూడా.

డిసెంబరు

అప్పగింత పనులు నడుస్తున్నాయి. డొమైన్ పేరును, అంటే సైటు చిరునామాను, యజమాని పేరు మీద, ఆయన సొంత ఈమెయిలు, ఫోను నంబర్లతో నమోదు చేయించాను. సైటు కట్టినవారి పేరు మీద డొమైన్ ఉండిపోతే, కొన్నేళ్ల తరువాత సంస్థ తన చిరునామాకే పరాయిదైపోతుంది. ఈ విషయంలో పని చేయించుకునేవారు మొదటి రోజే గట్టిగా అడగాలి. ధరలు, నిల్వలు మార్చే పద్ధతిని ఒక్క పేజీలో, పెద్ద అక్షరాల తెలుగులో అచ్చుతీసి కౌంటరు పక్కన అంటించాము. దాన్ని చూసి సిబ్బందే ఒక ధర మార్చేదాకా పక్కన కూర్చున్నాను.

ఆర్డరు అందినట్లు పంపే ఎస్సెమ్మెస్‌లో కూడా తెలుగు లెక్క వేరు. ఆంగ్ల సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగు సందేశంలో 70 మాత్రమే పడతాయి, ఆ 70లో కొమ్ము, పొల్లు, సున్న ఒక్కొక్కటీ లెక్కలోకి వస్తాయి. "మీ ఆర్డరు అందింది" అన్న మాట, ఆర్డరు సంఖ్య, సంస్థ పేరు మాత్రం ఉంచి, మిగిలిన వివరాలను వాట్సాప్ సందేశానికి మార్చాను.

ఉత్సవంలో స్టాలు ముందు పెట్టే క్యూఆర్ కార్డుల నమూనా ప్రెస్సు నుంచి వచ్చింది. కోడు చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లని ఖాళీ తప్పక ఉండాలి. డిజైనరు అందం కోసం అక్కడికి తెచ్చిన పూలతీగను వెనక్కి జరిపించాను. మెరిసే లామినేషన్ మీద దీపాల కాంతి పడితే ఫోను కెమెరా చదవలేదు, అందుకని మెరుపు లేని పూతే వేయమన్నాను. కోడు పాడైనా 30 శాతం వరకు తట్టుకునే అత్యధిక సవరణ స్థాయిని ఎంచాను, ఎందుకంటే ఆ కార్డును రోజంతా వందల చేతులు తాకుతాయి. ప్రతి కోడు కిందా పుస్తకం పేరు, సంస్థ క్రమసంఖ్య తెలుగులో అచ్చువేయిస్తున్నాము. స్కాను చేయడం ఇష్టంలేనివారు ఆ సంఖ్యను వెతుకు పెట్టెలో కొడితే చాలు.

రచయిత్రి అడిగిన తొలి అధ్యాయం సదుపాయం మొదట పది పుస్తకాలకు పెడుతున్నాము, వాటి పాఠాన్ని మాస్టారు ఇప్పుడు చదువుతున్నారు. ప్రూఫులు వచ్చిన వెంటనే ఎక్కించి, జనవరి మొదటి వారంలో స్టాలు దగ్గర పాఠకులు వెతికిన మాటల్లో దొరకనివాటి జాబితాను రోజూ రాత్రి చూసి, సరళ రూపానికి కావలసిన నియమాలు చేర్చాలి.